కిలిమంజారో ప్యాకేజీ: గైడ్లకు ఐదు, బుకింగ్ ఆఫీసుకు రెండు

ఆఫ్రికాలోకెల్లా ఎత్తైన కిలిమంజారో కొండ ఎక్కించిన ట్రిప్పు మీద రివ్యూ ఇది, మార్కులు ఐదుకి. ముందే చెప్పేస్తా, దాన్ని మాకు అమ్మిన కంపెనీ పేరు రాయట్లేదు. వాళ్ళ నుంచి మాకు రావాల్సిన డబ్బు కొంత ఇంకా రాలేదు, ఆ లెక్క తేలేదాకా పేరు పెట్టి రాయడం ఇష్టం లేదు. పేరు లేని రివ్యూ ఎందుకు అంటారేమో గానీ, కిలిమంజారో విషయంలో పేరు తెలియడం కంటే కొటేషన్ చదవడం తెలియడం ఎక్కువ ఉపయోగం. ఆ లెక్క తెలిస్తే ఎవడు ఎక్కడ కోత పెట్టాడో మీకే కనిపిస్తుంది.

మేం తీసుకున్నది మచామే రూట్, ఏడు రోజులది. నేను, మా ఆయన, మా బావగారు, మాతో పాటు బుకింగ్ వాళ్ళు జతచేసిన ఇంకొందరు. డబ్బు కట్టింది హైదరాబాద్‌లో, కొండ మీద నడిపించింది మాత్రం టాంజానియాలో మోషీ ఊళ్ళో ఉన్న వేరే కంపెనీ. ఈ రెండూ వేరువేరని డబ్బు కట్టేటప్పుడు ఒక్కరూ అనలేదు. "మా గైడ్లు, మా టెంట్లు, మా వంటవాడు" అనే చెప్పుకొచ్చారు. కిలిమంజారో ఎయిర్‌పోర్టులో దిగి వ్యాన్ మీద ఇంకో పేరు చూసి ఫోన్ చేస్తే "వాళ్ళు మా పార్ట్‌నర్లే మేడమ్" అన్నారు. ఆ పార్ట్‌నర్లు మంచివాళ్ళు కాబట్టి ఈ రివ్యూ ఇంత నిదానంగా రాస్తున్నా. మన దగ్గర అమ్మే ఇలాంటి ట్రిప్పుల్లో మధ్యవర్తి ఉండటం మామూలే, అందులో తప్పు లేదు, చెప్పకపోవడమే తప్పు. కొండ మీద మన ప్రాణం ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళ పేరు, వాళ్ళ లైసెన్స్ వివరాలు ముందే అడిగి రాయించుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. టాంజానియాలో గైడ్ లేకుండా ఈ కొండ ఎక్కనివ్వరు. లైసెన్స్ ఉన్న కంపెనీ ద్వారా, లైసెన్స్ ఉన్న గైడ్‌తోనే వెళ్ళాలి, కాబట్టి "మనమే పోదాం, ఖర్చు తగ్గుతుంది" అనే దారి లేదు. కొండ ఉన్నది నేషనల్ పార్కులో, ఆ పార్కు ఫీజులు మాత్రం ఏ కంపెనీతో వెళ్ళినా ఒకటే. మేం వెళ్ళినప్పుడు విదేశీయులకు రోజుకు 70 డాలర్ల పార్కు ఫీజు, రాత్రికి 50 డాలర్ల క్యాంపింగ్ ఫీజు, మనిషికి ఒకసారి 20 డాలర్ల రెస్క్యూ ఫీజు, ఈ మొత్తం మీద 18 శాతం వ్యాట్. ఏడు పగళ్ళకు 490, ఆరు రాత్రులకు 300, పైన 20, వెరసి 810. వ్యాట్ కలిపితే దాదాపు 956 డాలర్లు. ఇదంతా నేరుగా ప్రభుత్వానికి పోయేదే, కంపెనీకి ఇందులో పైసా మిగలదు. మరి ఎవరైనా ఏడు రోజుల మచామే 1,200 డాలర్లకే ఇస్తామన్నారనుకోండి, మిగిలిన 244 డాలర్లలో గైడ్ల జీతం, వంటవాడి జీతం, మనిషికి ముగ్గురు చొప్పున సామాను మోసే పోర్టర్ల కూలి, వారం రోజుల తిండి, గ్యాసు, వ్యాను, ముందూ వెనకా హోటల్, టెంట్ల అరుగుదల, వాడి లాభం, అన్నీ సర్దాలి. అది కుదరదు. కుదిరిందంటే పోర్టర్ల కూలి కొట్టేశారనే అర్థం, ఇంకో అర్థం నాకు తోచట్లేదు.

రెండో కోత రోజుల్లో పెడతారు. ఒక్క రోజు తగ్గిస్తే పార్కుకు కట్టే ఫీజుల్లోనే మనిషికి 140 డాలర్ల పైన మిగులుతుంది. చవక ప్యాకేజీలు మచామేలో ఆరు రోజులు, మరాంగు అనే ఇంకో రూట్‌లో ఐదు రోజులు అని ఉండేది అందుకే. మాకు కూడా ముందు ఆరు రోజులదే చూపించారు, "మీరు ఫిట్‌గా ఉన్నారు, ఆరు చాలు" అంటూ. ఫిట్‌నెస్‌కీ దీనికీ సంబంధం తక్కువ. జిమ్‌లో రోజూ గంటన్నర కష్టపడే కుర్రాడికైనా ఎత్తు పడక జబ్బు చేయొచ్చు, యాభై దాటిన మనిషికి ఏమీ కాకపోవచ్చు, శరీరం అలవాటు పడటానికి కావాల్సింది టైమ్. ఆరు రోజుల్లో బరాంకో క్యాంపు నుంచి ఒకే రోజు చివరి క్యాంపు బరాఫుకి తోలేస్తారు, ఆ రాత్రే శిఖరానికి. ఏడు రోజుల్లో మధ్యలో కరాంగాలో ఒక రాత్రి ఆగుతాం, బరాఫుకి మధ్యాహ్నానికల్లా చేరి కాస్త నిద్రపోయే అవకాశం దొరుకుతుంది. ఆ 140 డాలర్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. డబ్బుకి ఇబ్బంది లేకపోతే లెమోషో రూట్ ఎనిమిది రోజులది ఇంకా మేలు, మొదట్లో జనం కూడా తక్కువ.

మన దగ్గర ఈ కొండను అమ్మే తీరు మీద నాకు కొంచెం కోపం ఉంది, అదీ రాసేస్తా. ఆఫీసులో నేను భయపడుతూ అడిగితే "చిన్నపిల్లలే ఎక్కేశారు మేడమ్, మీకేంటి" అన్నాడు అక్కడి అబ్బాయి. అతని మనసులో ఉన్నది మాలావత్ పూర్ణ లాంటి పిల్లలే. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, గురుకుల విద్యార్థిని, 2014 మే 25న పదమూడేళ్ళకే ఎవరెస్ట్ మీద నిలబడింది, తర్వాత కిలిమంజారో కూడా ఎక్కింది. కానీ ఆ గురుకుల పిల్లలు భువనగిరి బండ మీద నేర్చుకుని, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో నెలల తరబడి శిక్షణ తీసుకుని వెళ్ళారు. ఆ సగం వదిలేసి "పిల్లలే ఎక్కారు" అని మాత్రమే చెప్పి అమ్మడం ఏం పద్ధతి? మన అల్లూరి ఏజెన్సీలో అన్నిటికన్నా ఎత్తైన కొండలు కూడా 1,700 మీటర్ల లోపే. మచామే గేటు దగ్గర, అంటే నడక ఇంకా మొదలే కాకముందే, మనం 1,800 మీటర్ల మీద ఉంటాం. శిఖరం 5,895. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగమే. తాళ్ళు, ఐసు గొడ్డళ్ళు అక్కర్లేని మాట నిజమే, అంతమాత్రాన తేలికని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక గైడ్లు. ఐదుకి ఐదు ఇచ్చేది వీళ్ళకే, ఇంకా ఎక్కువ ఉంటే ఇచ్చేదాన్ని. మోషీలో బయల్దేరే ముందు సాయంత్రం చీఫ్ గైడ్ హోటల్‌కి వచ్చి ఒక్కొక్కరి సామాను మంచం మీద పరిపించి చూశాడు. మా బావగారి గ్లోవ్స్ పట్టుకుని "ఇవి బైక్ నడపడానికి, నా దగ్గరివి ఇస్తా" అని పక్కన పడేశాడు. ఎవరెవరికి ఏ మందులు అలవాటు, ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వేసుకుంటున్నారా, సల్ఫా మందులు పడతాయా అని అడిగి రాసుకున్నాడు. (డయామాక్స్ మీ డాక్టర్‌ని అడిగి వేసుకోండి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, రాత్రి టెంట్ జిప్ పదిసార్లు తీయాల్సొస్తుంది, ఇవి తెలియకపోతే కంగారుపడతారు.) కొండ మీద రోజూ పొద్దున, సాయంత్రం వేలికి ఆక్సిమీటర్ పెట్టి, తలనొప్పి ఎంత, ఆకలి ఎలా ఉంది, నిద్ర పట్టిందా అని అడిగి నోట్‌బుక్‌లో ఎక్కించేవాడు. అందరి ముందూ అడిగితే మగవాళ్ళు అబద్ధం చెప్తారని అతనికి బాగా తెలుసు. అందుకే భోజనం ముందు ఒక్కొక్కరి టెంట్ దగ్గరికి వచ్చి విడిగా అడిగేవాడు. ఆక్సిజన్ సిలిండర్ చూపించమంటే మొదటి రోజే తీసి, మాస్క్ బిగించి, గేజ్‌లో ఎంత ఉందో చూపించాడు. కొటేషన్‌లో "ఎమర్జెన్సీ ఆక్సిజన్" అని రాసి ఉంటే సరిపోదు, గేటు దాటకముందే కళ్ళారా చూడండి.

నడక గురించి పెద్దగా రాయను, ఇంటర్నెట్ నిండా ఉంది. మొదటి రోజు వర్షారణ్యం, తడి, బురద. రెండో రోజు షిరా క్యాంపు. మూడో రోజు లావా టవర్ దాకా, అంటే 4,600 మీటర్ల దాకా ఎక్కించి, మళ్ళీ నాలుగు వేల లోపున్న బరాంకోకి దింపేస్తారు. ఎక్కిందంతా దిగడం ఏంటని మాలో ఒకాయన గొణిగాడు గానీ, ఈ రూట్ తీసుకునేదే దానికోసం. పగలు ఎత్తు చూపించి రాత్రి కింద పడుకోబెడితే శరీరం సర్దుకుంటుంది. బరాంకోలో మనిషిని మించిన సెనీసియో చెట్లు ఉన్నాయి, ఎక్కడా చూడని రకం, వాటి కోసమైనా సాయంత్రం టెంట్లోంచి బయటికి రండి. మర్నాడు బరాంకో గోడ. ఫోటోల్లో భయపెడుతుంది, నిజానికి చేతులూ కాళ్ళూ వాడి ఎక్కే మెట్ల లాంటి రాళ్ళు. నాకు ఆ వారం మొత్తంలో బాగా నచ్చిన గంటన్నర అదే. నేను కాలు ఎక్కడ పెట్టాలో చూపిస్తూ అసిస్టెంట్ గైడ్ నా పక్కనే ఉన్నాడు, పక్కనుంచి పోర్టర్లు తలమీద మూటలతో దాటిపోతుంటే మేం గోడకి అతుక్కుని దారి ఇచ్చాం.

ఆ పోర్టర్ల గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే కంపెనీ ఎలాంటిదో తేలేది ఇక్కడే. ఒక్కో పోర్టర్ మోసే కంపెనీ బరువు 20 కిలోలు మించకూడదని నియమం, గేటు దగ్గర తూకం వేస్తారు. మా వాళ్ళు తూకానికి భయపడలేదు, వరసలో నిలబడి వేయించుకున్నారు. ఇంకో గుంపులో తూకం అయ్యాక కాస్త ముందుకెళ్ళి మూటలు మళ్ళీ సర్దుకోవడం చూశాను, అదెందుకో చెప్పక్కర్లేదు. మోషీలో కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అని ఒక సంస్థ ఉంది, పోర్టర్లకు సరైన కూలి, తిండి, టెంట్, చలిబట్టలు ఇస్తున్న కంపెనీల జాబితా వాళ్ళు పెడతారు. మా మోషీ కంపెనీ అందులో ఉంది, హైదరాబాద్ ఆఫీసుకి ఆ జాబితా ఉందన్న సంగతే తెలీదు. నేను వంటసాయం చేసే కుర్రాడిని పక్కకి పిలిచి రోజుకి ఎన్నిసార్లు తింటారని అడిగాను. మూడుసార్లు అన్నాడు, ఉగాలీ (మొక్కజొన్న పిండి ముద్ద), కూరా చూపించాడు, రుచి కూడా చూపించాడు. పడుకునేది ఎక్కడంటే వాళ్ళకి వేరే టెంట్లు ఉన్నాయి. కొన్ని గుంపుల్లో మనం తిన్న మెస్ టెంట్లోనే, మనం లేచి వెళ్ళాక, వాళ్ళు కింద పడుకుంటారు. రాత్రి ఎనిమిదింటికి మెస్ టెంట్ వైపు ఓసారి నడిచి చూడండి, అర్థమైపోతుంది.

టిప్పు ఎంతో కొంత ఇవ్వొచ్చులే అనుకుని వెళ్ళకండి. అది అక్కడి జీతంలో భాగం లాంటిదే, మనిషికి 250 నుంచి 300 డాలర్లు విడిగా పెట్టుకోండి. బుకింగ్ ఆఫీసు ఈ ముక్కని "మీ ఇష్టం మేడమ్" అని దాటేసింది, దాంతో మాలో ఇద్దరు నోట్లు సరిపోక ఇబ్బందిపడ్డారు. ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యం. చీఫ్ గైడ్‌కి కవర్ ఇచ్చి "అందరికీ పంచండి" అనకుండా, గైడ్‌కి ఇంత, వంటవాడికి ఇంత, పోర్టర్‌కి ఇంత అని కాగితం మీద రాసి అందరి ముందూ చదివి ఇవ్వాలి. ఇది మా చీఫ్ గైడే చెప్పాడు, తన వాటా తనే పైకి చదివి వినిపించాడు.

తిండికి నాలుగున్నర. వంటవాడు గ్యాసు పొయ్యి మీద రోజూ వేడి సూపు, చపాతీ, అన్నం, పప్పు, కూర. సాయంత్రం టీతో పాప్‌కార్న్. పూర్తి శాకాహారం అడిగినవాళ్ళకి విడిగా వండాడు, గరిటెలు కూడా కలపలేదు. నాలుగు వేల మీటర్ల పైన ఆకలి చచ్చిపోతుంది, నోటికి ఏదీ రుచించదు, అప్పుడు మా బావగారి గోంగూర పచ్చడి సీసా గుంపు మొత్తాన్ని ఆదుకుంది. అర మార్కు ఎందుకు తగ్గించానంటే పొద్దున జావ. అది ఎవరికీ నచ్చలేదు.

శిఖరం రాత్రి. బరాఫు 4,670 మీటర్ల మీద ఉంది, అక్కడి నుంచి అర్ధరాత్రి బయల్దేరి పన్నెండు వందల మీటర్ల పైన ఎక్కాలి. చీకట్లో హెడ్‌ల్యాంపుల వరస తిరుమల క్యూలాగే కదులుతుంది, రెండడుగులు, ఆగడం, రెండడుగులు. నీళ్ళ పైపు గడ్డకట్టింది, సీసాని బోర్లా పెట్టమని ముందే చెప్పారు కాబట్టి అది పనికొచ్చింది. మేం పెట్టుకున్న డబ్బు విలువ తెలిసింది ఇక్కడే. మా బావగారు మాటలు ముద్దగా మాట్లాడుతున్నారు, మాకు చలి వల్ల అనిపించింది. చీఫ్ గైడ్ ఆపి, కాలి మడమ దగ్గర ఇంకో కాలి వేలు పెట్టి గీత మీద నడిచినట్టు నడవమన్నాడు. ఆయన పక్కకి తూలారు. ఎత్తు మెదడు మీద పనిచేస్తోందనడానికి అది గుర్తు. అంతే, "మీరు కిందికి వెళ్తున్నారు" అన్నాడు. బావగారు ఒప్పుకోలేదు, ఇంత దూరం వచ్చి, ఇంత డబ్బు కట్టి, అని వాదన. "డబ్బు సంగతి రేపు మాట్లాడుకుందాం, ఇప్పుడు దిగుదాం" అని ఒక అసిస్టెంట్ గైడ్‌ని తోడిచ్చి పంపేశాడు. ఆరుగురికి ఒక్క గైడే ఉన్న గుంపు అయితే ఏమయ్యేది? ఆయన కోసం అందరూ దిగాలి, లేదా ఆయన్ని కూడా పైకి లాక్కెళ్ళాలి. మాకు శిఖరం రాత్రికి ఇద్దరు యాత్రికులకి ఒక గైడ్ ఉన్నాడు కాబట్టి రెండూ జరగలేదు. వెయ్యి మీటర్లు దిగేసరికి ఆయన మామూలు మనిషి అయిపోయారు, మేం తిరిగొచ్చేసరికి టీ తాగుతూ కూర్చున్నారు, కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

మేం శిఖరానికి ముందొచ్చే స్టెల్లా పాయింట్ దగ్గర తెల్లవారడం చూసి, ఇంకో ముప్పావుగంట నడిచి అసలు శిఖరం ఉహురు చేరాం. హిమానీనదాలు పక్కనే ఉన్నాయి, 1912 నాటితో పోలిస్తే ఎనభై శాతం పైగా కరిగిపోయాయట. దిగడం ఎక్కడం కంటే కష్టం, గులకరాళ్ళలో మోకాళ్ళు పోతాయి, గోళ్ళు ముందే కత్తిరించుకోండి. అదే రోజు మ్వేకా క్యాంపు దాకా, 3,100 మీటర్లకి దింపేస్తారు.

ఇక్కడ "98 శాతం సక్సెస్" అనే ప్రకటనల గుట్టు చెప్పాలి. స్టెల్లా పాయింట్ 5,756 మీటర్లు, అక్కడి దాకా వెళ్ళినా పార్కు వాళ్ళు సర్టిఫికెట్ ఇస్తారు, మరాంగు వైపు నుంచి శిఖరానికి ముందే ఉండే గిల్మన్స్ పాయింట్ చేరినా ఇస్తారు. కంపెనీ లెక్కలో ఇవన్నీ సక్సెసే కావొచ్చు. శాతం చెప్పినవాళ్ళని ఉహురు దాకా ఎంతమంది, ఏ రూట్, ఎన్ని రోజుల ట్రిప్పుల్లో అని అడగండి. మా హైదరాబాద్ ఆఫీసు ఈ మూడిట్లో ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు.

ఆ ఆఫీసుకి రెండు మార్కులు ఎందుకో మిగతాది కూడా రాస్తా. ప్రైవేట్ టాయిలెట్ టెంట్ అని విడిగా డబ్బు తీసుకున్నారు, కొండ మీద అది లేదు. మోషీ కంపెనీకి ఆ డబ్బు చేరనేలేదట. క్యాంపుల్లోని పబ్లిక్ దొడ్ల సంగతి రాస్తే మీరు భోజనం చేయలేరు. ఆ డబ్బు కోసమే ఇప్పటికీ మెయిల్స్ నడుస్తున్నాయి. ఇన్సూరెన్స్ "ప్యాకేజీలో ఉంది" అన్నారు, పాలసీ కాగితం తెప్పించుకుని చదివితే 4,500 మీటర్ల పైన వర్తించదు. అది ముందే కంటపడింది కాబట్టి 6,000 మీటర్ల దాకా వర్తించేది విడిగా కొనుక్కున్నాం. అద్దెకిచ్చిన స్లీపింగ్ బ్యాగ్ జిప్పు పాడైతే మోషీ వాళ్ళే మార్చారు. రెండు మార్కులు వీసా కాగితాలు, టికెట్లు సరిగ్గా చేసినందుకు.

వెళ్ళేవాళ్ళు జనవరి, ఫిబ్రవరి గానీ జూన్ చివరి నుంచి అక్టోబర్ గానీ చూసుకోండి, మార్చి నుంచి మే దాకా వానలు. అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వెళ్తే, అవి ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల్లోవి కాబట్టి ఆ టీకా పది రోజుల ముందే వేయించుకుని పసుపు కార్డు పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టుకోండి. ప్రాక్టీస్‌కి మెట్లు చాలు, అలిపిరి దగ్గరున్నవాళ్ళు అదృష్టవంతులు, దిగడం కూడా నడిచే దిగండి. ఇంకోటి, టాంజానియాలో 2019 జూన్ నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు. కారప్పొడి, కందిపొడి స్టీలు డబ్బాల్లో పెట్టుకోండి, మూత గట్టిదై ఉండాలి. ఎత్తుకు వెళ్ళేకొద్దీ లోపలి గాలి ఉబ్బి మూత తన్నుకొస్తుంది. మాలో ఒకావిడ బ్యాగులో బట్టలన్నీ రెండో రోజుకే ఎర్రబడ్డాయి.